గుండె చికిత్స తర్వాత ఫ్రెనిక్ నరం దెబ్బ: ఆయాసం, కోలుకునే తీరు

బైపాస్, కవాటం మార్పిడి వంటి గుండె ఆపరేషన్లలో, గుండె లయ తప్పినప్పుడు చేసే అబ్లేషన్‌లో ఒక్కోసారి గుండెను ఆనుకుని దిగే ఫ్రెనిక్ నరం దెబ్బతింటుంది. అప్పుడు ఆ వైపు ఉదరవితానం, అంటే డయాఫ్రం, కదలిక తగ్గిపోతుంది లేదా పూర్తిగా ఆగిపోతుంది. గుండె బాగుపడినా ఆయాసం మిగిలిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఎక్కువమందిలో ఈ దెబ్బ దానంతటదే మానుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. ఎకో, ఈసీజీ బాగున్నాయని చెప్పించుకుని ఇంటికి వచ్చి, రాత్రిళ్లు వెల్లకిలా పడుకోలేక దిండ్లకు ఆనుకుని తెల్లవార్చేవారిలో కొందరి బాధకు మూలం ఈ నరంలోనే ఉంటుంది. దీన్ని కనిపెట్టే పరీక్షలు తేలికైనవి, ఖరీదు తక్కువవి. అయినా చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది.

నరం దారి

ఉదరవితానం ఛాతీకీ పొట్టకూ మధ్య తెరిచిన గొడుగులా పరుచుకున్న పల్చటి కండరం. ఊపిరి పీల్చినప్పుడు అది కిందికి దిగి ఊపిరితిత్తులకు చోటు ఇస్తుంది. ప్రశాంతంగా కూర్చున్నప్పుడు పీల్చే గాలిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ కండరం శ్రమతోనే లోపలికి వెళుతుంది. దీన్ని కదిలించేవి రెండు ఫ్రెనిక్ నరాలు, కుడి సగానికి ఒకటి, ఎడమ సగానికి ఒకటి. పొట్టకు పైన ఉన్న ఈ కండరానికి ఆజ్ఞలు మెడ నుంచి వస్తాయి. మెడలోని 3, 4, 5 వెన్ను నరాల మూలాల నుంచి పుట్టిన ఫ్రెనిక్ నరం మెడ కండరం మీదుగా ఛాతీలోకి దిగి, ఊపిరితిత్తి మొదలుకు ముందు వైపుగా, గుండె మీది పొరకూ ఊపిరితిత్తి మీది పొరకూ మధ్య నుంచి కిందికి సాగుతుంది.

ఈ దారే దాని ప్రమాదానికి కారణం. కుడి ఫ్రెనిక్ నరం ఊర్ధ్వ మహాసిర పక్కగా, కుడి కర్ణిక అంచు వెంబడి వస్తూ, కుడి పై పుపుస సిరకు చాలా దగ్గరగా వెళుతుంది. కొందరిలో ఆ ఎడం కొన్ని మిల్లీమీటర్లే. ఎడమ నరం ఎడమ కర్ణిక కొస మీదుగా, ఎడమ జఠరిక పక్క గోడ మీదుగా దిగుతుంది. నరానికి తోడుగా నడిచే సన్నని ధమని, రొమ్ము ఎముక వెనుక ఉండే లోపలి రొమ్ము ధమని నుంచి చీలుతుంది. బైపాస్‌లో గుండెకు కలపడానికి వైద్యులు ఎక్కువగా ఎంచుకునేది సరిగ్గా ఆ రొమ్ము ధమనినే.

ఆపరేషన్‌లో దెబ్బ తగిలే తీరు

గుండెను ఆపి చేసే ఆపరేషన్లలో గుండె కండరాన్ని కాపాడటానికి చల్లదనం వాడతారు. గుండె చుట్టూ గడ్డకట్టిన సెలైన్ పలుకులు పోసి చల్లబరిచే పద్ధతి ఒకప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉండేది. ఆ మంచు ఎడమ ఫ్రెనిక్ నరాన్ని గంటల తరబడి తాకి ఉండేది. ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రేలో ఎడమ వైపు ఉదరవితానం పైకి లేచి కనబడటం ఆ రోజుల్లో మామూలు విషయమైపోయింది. గుండెకూ నరానికీ మధ్య వేడిని ఆపే పలుచని అట్ట పెట్టడం, మంచు పలుకులు మానేసి రక్తనాళాల ద్వారానే చల్లని ద్రావణం పంపడం అలవాటయ్యాక ఈ సమస్య బాగా తగ్గింది.

రెండో కారణం రొమ్ము ధమనిని విడదీయడం. ఆ ధమని పై కొస దగ్గర, మొదటి పక్కటెముక సమీపంలో, ఫ్రెనిక్ నరం దాన్ని దాదాపు తాకుతూ దాటుతుంది. అక్కడ విద్యుత్ కత్తి వేడి తగిలినా, నరాన్ని పోషించే సన్నని ధమని తెగినా నరం నీరసిస్తుంది. మధుమేహం ఉన్నవారి నరాలు ముందే బలహీనపడి ఉండవచ్చు కాబట్టి వారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

బైపాస్ అయినవారిలో ఎడమ ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోవడం చాలా మామూలు. అక్కడ కాస్త నీరు చేరడమూ అంతే. ఎక్స్‌రేలో ఎడమ కింది భాగం తెల్లగా కనబడినంత మాత్రాన నరం దెబ్బతిన్నదని అనుకోనక్కర్లేదు. వారాలు గడిచి ఆ తెలుపు పోయాక కూడా ఉదరవితానం పైనే నిలిచి ఉంటే అనుమానించాలి.

అబ్లేషన్‌లో దెబ్బ

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసాగేర్ బృందం ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను, అంటే కర్ణికల లయ తప్పడాన్ని, రగిలించే విద్యుత్ మెరుపులు ఎక్కువగా పుపుస సిరల్లో పుడుతున్నాయని చూపించింది. ఆ సిరల మొదళ్ల చుట్టూ కణజాలాన్ని కాల్చి లేదా గడ్డకట్టించి, మెరుపులు కర్ణికలోకి రాకుండా కట్టడి చేసే అబ్లేషన్ ఆ తర్వాత ప్రధాన చికిత్సగా స్థిరపడింది. రేడియో తరంగాలతో కాల్చే పద్ధతిలో ఫ్రెనిక్ నరం దెబ్బతినడం అరుదు. చల్లని బెలూన్ పద్ధతిలో ఎక్కువ. సిర మూతి దగ్గర బెలూన్‌ను ఉబ్బించి, అందులోకి నైట్రస్ ఆక్సైడ్ పంపి మూడు నాలుగు నిమిషాలు గడ్డకట్టిస్తారు. బెలూన్ లోపలి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 40, 50 డిగ్రీల దాకా పడిపోతుంది. కుడి పై పుపుస సిర దగ్గర ఈ పని జరుగుతున్నప్పుడు పక్కనే ఉన్న కుడి ఫ్రెనిక్ నరానికీ ఆ చలి సోకుతుంది. చిన్న బెలూన్ సిర లోతుకు దిగుతుంది కనుక దానితో ప్రమాదం ఇంకా ఎక్కువ.

2013లో వెలువడిన స్టాప్ ఏఎఫ్ అధ్యయనంలో 259 చికిత్సలకు 29 సార్లు, అంటే 11.2 శాతం, ఫ్రెనిక్ నరం పడిపోయింది. ఏడాదిలోపు వారిలో 25 మంది కోలుకున్నారు. 2016లో ప్రచురితమైన ఫైర్ అండ్ ఐస్ అధ్యయనం నాటికి పెద్ద బెలూన్లు, నరం మీద మెరుగైన కాపలా వచ్చాయి. చల్లని బెలూన్ చికిత్స పొందిన 374 మందిలో ఆసుపత్రి వదిలే నాటికి ఈ సమస్య ఉన్నవారు 2.7 శాతమే. 12 నెలల తర్వాత అది 0.3 శాతానికి దిగింది. రోగికి ధైర్యం చెప్పాలంటే ఈ రెండో సంఖ్యే చెప్పాలి.

ఆ కాపలా ఎలా ఉంటుందో చూడటం మంచిది. ఊర్ధ్వ మహాసిరలో ఒక కాథెటర్ పెట్టి, నరాన్ని నిమిషానికి కొన్ని పదుల సార్లు విద్యుత్తుతో తడుతుంటారు. తట్టిన ప్రతిసారీ ఉదరవితానం ఎగిరిపడుతుంది. బల్ల పక్కన నిలబడ్డ ఒకరు రోగి కుడి పక్కటెముకల అంచు కింద అరచెయ్యి ఆనించి ఆ అదురును లెక్కిస్తూ ఉంటారు. అదురు మెత్తబడిందని అనిపించగానే నోటితో చెప్పేస్తారు. అదే సమయంలో తెర మీద ఉదరవితానం విద్యుత్ సంకేతం ఎత్తు 30 శాతం తగ్గినా గడ్డకట్టించడం ఆపి, బెలూన్‌ను వెంటనే కుదించేస్తారు. అప్పటికప్పుడు ఆపితే నరం చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటుంది. యంత్రాలెన్ని ఉన్నా ఆ అరచేతి కాపలాను ఇప్పటికీ వదల్లేదు.

గుండె వెలుపలి నుంచి జఠరికల లయ సరిచేసేటప్పుడు ఎడమ నరాన్ని దూరం జరపడానికి గుండె పొరలోకి గాలీ సెలైనూ ఎక్కిస్తారు. వేడీ చలీ లేకుండా విద్యుత్ పల్స్‌లతో కణాలను దెబ్బతీసే పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి 2023 చివర్లో, 2024 ఆరంభంలో అమెరికాలో అనుమతి పొందింది. ఈ పద్ధతిలో చికిత్స పొందిన 17 వేలకు పైగా రోగులను పరిశీలించిన అధ్యయనంలో నిలిచిపోయిన ఫ్రెనిక్ దెబ్బ కనబడలేదు.

ఆయాసం ఎలా ఉంటుంది

ఒక వైపు ఉదరవితానం పడిపోయినవారిలో చాలామందికి కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. రెండో వైపూ, పక్కటెముకల మధ్య కండరాలూ, మెడ కండరాలూ లోటు పూడుస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు, స్థూలకాయం, గుండె బలహీనత ముందే ఉన్నవారికి ఆ పూడ్పు చాలదు.

ఈ ఆయాసానికి ఒక ముద్ర ఉంది. పడుకోగానే పెరుగుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. వంగితే ఊపిరి ఆడదు. వాకిట్లో వంగి ముగ్గు వేస్తుంటేనో, పొట్టి చీపురుతో ఊడుస్తుంటేనో, చెప్పు పట్టీ పెట్టుకోబోతేనో ఊపిరి అందక నిటారుగా లేవాల్సి వస్తుంది. ఛాతీ లోతు నీటిలోకి దిగితే నీటి ఒత్తిడి పొట్టను లోపలికి నొక్కుతుంది, అప్పుడూ ఇలాగే ఉంటుంది. కడుపునిండా తిన్నాక కూడా అంతే. నాలుగు అడుగులు నడిస్తే రాని ఆయాసం వంగితే రావడం మనవాళ్లకు విచిత్రంగా తోస్తుంది. అందుకే చెప్పుకోరు, చెప్పినా నీరసమనో భయమనో కొట్టిపారేస్తారు. రోగి మాటను కొట్టిపారేయకుండా, ఏ భంగిమలో ఎక్కువవుతోందో అడిగితే సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది.

రెండు వైపులా పడిపోతే పరిస్థితి గంభీరం. వెల్లకిలా పడుకోవడమే కుదరదు. ఊపిరి పీల్చినప్పుడు పైకి లేవాల్సిన పొట్ట లోపలికి పోతుంది. కలలు వచ్చే నిద్రలో మెడ, ఛాతీ కండరాలు సడలిపోతాయి, అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా కునుకుపాట్లు దాని గుర్తులు. ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ నుంచి విడిపించడం పదే పదే విఫలమైనా ఈ నరాలను అనుమానించాలి.

ఆయాసానికి మరెన్నో కారణాలు ఉన్నాయి. గుండె వైఫల్యం, గుండె చుట్టూ నీరు, ఊపిరితిత్తి చుట్టూ నీరు, న్యుమోనియా, ఊపిరితిత్తిలో రక్తం గడ్డ, రక్తహీనత, లయ మళ్లీ తప్పడం, వీటన్నిటినీ ముందుగా తోసిపుచ్చాలి. అబ్లేషన్ అయిన కొన్ని నెలలకు ఆయాసంతో పాటు దగ్గు, దగ్గితే రక్తం కనబడితే పుపుస సిర ఇరుకైపోయి ఉండవచ్చు. అబ్లేషన్ తర్వాత తొలి రెండు నెలల్లో జ్వరం, మింగితే నొప్పి, మాట తడబడటం, కాలూ చెయ్యీ పడిపోవడం వస్తే అన్నవాహికకూ కర్ణికకూ మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. అది ప్రాణాంతకం. గంట కూడా ఆలస్యం చేయకుండా అబ్లేషన్ జరిగిన సంగతి చెప్పి పెద్దాసుపత్రిలో చేర్చాలి.

పరీక్షలు

మామూలుగా కుడి ఉదరవితానం ఎడమదాని కన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. ఎక్స్‌రేలో ఆ తేడా మరీ పెరిగినా, తిరగబడినా గమనించాలి. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే మేలు, అందుకే ఆపరేషన్‌కు ముందు తీసిన ఫిల్మును పారేయకూడదు. రోగి ముక్కుతో ఒక్కసారిగా గట్టిగా ఎగబీలుస్తుండగా ఫ్లోరోస్కోపీలో, అంటే కదలికను చూపే ఎక్స్‌రేలో, చూస్తే ఆరోగ్యంగా ఉన్న వైపు దిగుతుంది, పడిపోయిన వైపు పైకి ఎగురుతుంది.

నేడు అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది అల్ట్రాసౌండ్. రేడియేషన్ లేదు, మంచం దగ్గరే చేయవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు ఉదరవితానం మందం కనీసం 20 శాతం పెరగకపోతే అది పనిచేయడం లేదని అర్థం. స్పైరోమీటర్‌లో కూర్చుని ఒకసారి, పడుకుని ఒకసారి ఊదించడం మరో చక్కని పరీక్ష. మామూలు మనిషిలో పడుకున్నప్పుడు గాలి పరిమాణం 10 శాతం లోపే తగ్గుతుంది. ఒక వైపు పడిపోతే 15 నుంచి 25 శాతం దాకా, రెండు వైపులా పడిపోతే 30 శాతానికి మించి తగ్గుతుంది. స్పైరోమీటర్ ఉన్న చాలా చోట్ల కూర్చోబెట్టి మాత్రమే ఊదిస్తారు. పడుకోబెట్టి ఊదించడానికి అదనంగా కావలసింది ఒక మంచం, ఐదు నిమిషాలు. అనుమానం ఉన్న ప్రతి రోగికీ ఇది చేయాలి. నరంలో ఇంకా జీవం ఉందో లేదో తేల్చడానికి నరాల వాహక పరీక్ష, కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీ ఉపయోగపడతాయి.

మానే క్రమం

1943లో బ్రిటిష్ వైద్యుడు హెర్బర్ట్ సెడన్ నరాల దెబ్బలను మూడు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టులో నరం తెగదు, సంకేతం మాత్రం కాసేపు ఆగుతుంది. రోజుల్లోనో వారాల్లోనో తేరుకుంటుంది. రెండో మెట్టులో లోపలి తంతువులు చచ్చిపోతాయి, వాటిని చుట్టిన గొట్టం వంటి పొర మిగులుతుంది. మూడో మెట్టులో నరం మొత్తం తెగిపోతుంది. చలి వల్ల కలిగే దెబ్బ సాధారణంగా మొదటి రెండు మెట్లలోనే ఆగుతుంది. గొట్టం మిగిలి ఉంటుంది కాబట్టి కొత్త తంతువు దాని వెంటే పెరిగి కండరాన్ని చేరగలదు. చల్లని బెలూన్ వల్ల దెబ్బతిన్నవారిలో ఇంతమంది కోలుకోవడానికి కారణం ఇదే. కత్తి వల్ల తెగిన నరానికి ఈ అదృష్టం లేదు.

తంతువు పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు మూడు సెంటీమీటర్లు. దెబ్బ తగిలిన చోటు నుంచి కండరానికి పన్నెండు సెంటీమీటర్లు ఉందనుకుంటే అక్కడికి చేరడానికే నాలుగు నెలలు. చేరాక కండరంతో అతుకు కుదరాలి, చిక్కిపోయిన కండరం బలం పుంజుకోవాలి. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా మెరుగుదల కోసం చూస్తారు, ఆపరేషన్ వల్ల దెబ్బతిన్నవారిలో రెండేళ్ల వరకూ నరం తేరుకున్న సందర్భాలు ఉన్నాయి. నాలుగో నెలలో మార్పు లేదని ఆశ వదులుకోవడం తొందరపాటు. అలాగని ఏడాది పాటు ఒక్క పరీక్షా లేకుండా ఎదురుచూడటమూ తప్పే. మూడు నెలలకోసారి అల్ట్రాసౌండ్, స్పైరోమీటర్ పరీక్ష చేయించుకుంటే మెరుగవుతోందో లేదో లెక్క తెలుస్తుంది.

ఈ లోపు చేయవలసినవి

తల వైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. నేల మీద చాప వేసుకునే అలవాటు ఉన్నవారు కొన్ని నెలలు మంచానికి మారడం మంచిది, తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టినా సరిపోతుంది. ఒకేసారి నిండుగా తినకుండా కొద్దికొద్దిగా తినాలి. మలబద్ధకం, కడుపు ఉబ్బరం ఉదరవితానాన్ని ఇంకా పైకి నెడతాయి కనుక వాటికి మందు అడగాలి. బరువు ఎక్కువ ఉంటే కొంత తగ్గినా ఆయాసంలో తేడా తెలుస్తుంది. పొగ తాగడం మానాలి. మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు రాత్రి శ్వాసను మరింత అణుస్తాయి.

శ్వాస కండరాల వ్యాయామం ఉపయోగపడుతుంది. ఇక్కడ ఒక పొరపాటు విస్తారంగా జరుగుతోంది. ఆపరేషన్ అయినవారందరికీ ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ ఊపిరితిత్తిని విప్పడానికి పనికొస్తుంది. కండరానికి బలం ఇవ్వడానికి అది చాలదు. దానికి స్ప్రింగు కవాటంతో ఊపిరి పీల్చడానికి అడ్డు కలిగించే వేరే పరికరం ఉంది. మొదట రోగి గరిష్ఠ బలాన్ని కొలిచి, అందులో 30 శాతం అడ్డుతో మొదలుపెట్టి, పూటకు 30 ఊపిర్ల చొప్పున రోజుకు రెండు పూటలు చేయిస్తూ వారం వారం అడ్డు పెంచుతారు. ఇది చచ్చిన నరాన్ని బతికించదు. పనిచేస్తున్న వైపునూ, తోడు కండరాలనూ గట్టిపరుస్తుంది. ఫిజియోథెరపిస్టు కొలిచి చెప్పాకే మొదలుపెట్టాలి. చదును నేల మీద నడక, గుండె పునరావాస కార్యక్రమం దీనికి తోడు కావాలి. రొమ్ము ఎముక కోసి ఆపరేషన్ చేయించుకున్నవారు రెండు మూడు నెలలు బరువులు ఎత్తకూడదు.

రాత్రి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నవారికి మాస్కుతో గాలి పంపే బైపాప్ యంత్రం పెడతారు. అలాంటివారికి ఇంట్లో ఆక్సిజన్ మాత్రమే పెట్టి ఊరుకుంటే వేలి కొసన పెట్టే ఆక్సిమీటర్‌లో సంఖ్య బాగుంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది.

మానకపోతే

ఏడాది దాటినా మెరుగుదల లేక, ఆయాసం రోజువారీ పనికి అడ్డమైతే ఉదరవితానాన్ని మడిచి కుట్టే ప్లికేషన్ ఆపరేషన్ ఉంది. వదులైపోయిన కండరాన్ని మడతలు పెట్టి బిగిస్తే, ఊపిరి పీల్చినప్పుడు అది పైకి ఎగరడం ఆగి దాని పైనున్న ఊపిరితిత్తికి చోటు దొరుకుతుంది. నేడు దీన్ని చిన్న రంధ్రాల ద్వారా కూడా చేస్తున్నారు. కొన్ని దేశాల్లో కాలి నరం ముక్కతో ఫ్రెనిక్ నరాన్ని అతికే ఆపరేషన్లు కూడా కొద్ది కేంద్రాల్లో జరుగుతున్నాయి. నరాన్ని విద్యుత్తుతో నడిపే పేసర్‌ను 1960లలో యేల్ విశ్వవిద్యాలయ సర్జన్ విలియం గ్లెన్ అభివృద్ధి చేశారు. అయితే ఆ పేసర్ పనిచేయాలంటే కింది నరం జీవించి ఉండాలి కనుక ఈ రోగుల్లో చాలామందికి అది పనికిరాదు.

పసిపిల్లల లెక్క వేరు. వారి పక్కటెముకలు అడ్డంగా, మెత్తగా ఉంటాయి, తోడు కండరాలకు బలం ఉండదు. పుట్టుకతో వచ్చిన గుండె లోపానికి ఆపరేషన్ చేశాక ఒక్క వైపు ఉదరవితానం పడిపోయినా వెంటిలేటర్ వదలలేకపోవచ్చు. అందుకే పిల్లల్లో ఏడాది ఆగరు, కొద్ది వారాల్లోనే ప్లికేషన్ చేస్తారు.

ఇతర నరాలు

గుండె ఆపరేషన్‌లో దెబ్బతినేది ఫ్రెనిక్ ఒక్కటే కాదు. బృహద్ధమని వంపు చుట్టూ తిరిగి గొంతుకు చేరే ఎడమ స్వర నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, నీళ్లు తాగితే పొరబోతుంది, దగ్గులో బలం ఉండదు. రొమ్ము ఎముకను వెడల్పు చేసినప్పుడు భుజం నరాల గుచ్ఛం సాగితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. ఎక్కువమందిలో ఇది కొన్ని వారాల్లోనో కొన్ని నెలల్లోనో తగ్గుతుంది. బైపాస్ కోసం కాలి సిర తీయించుకున్నవారికి పిక్క లోపలి వైపు మొద్దుబారి ఉండటం మామూలే.

మళ్లీ ఆయాసం సంగతికి వస్తే, తెలుగు రాష్ట్రాల్లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక పేద కుటుంబాలకు కూడా బైపాస్, కవాటం ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. ఆపరేషన్ నగరంలో జరుగుతుంది, ఆయాసం ఊళ్లో వస్తుంది. అక్కడ దాన్ని ఉబ్బసమనుకుని ఇన్‌హేలరు ఇచ్చే అవకాశం చాలా ఎక్కువ. గుండె ఆపరేషనో అబ్లేషనో అయినవారు ఎవరైనా పడుకుంటే, వంగితే ఆయాసం వస్తోందని గమనిస్తే డిశ్చార్జి కాగితాలూ పాత ఎక్స్‌రేలూ వెంట తీసుకుని గుండె డాక్టరునూ ఊపిరితిత్తుల డాక్టరునూ కలవాలి. గుండె పరీక్షలు బాగున్నాయని తేలితే అంతటితో లేచి రాకండి. ఉదరవితానానికి అల్ట్రాసౌండ్, పడుకోబెట్టి స్పైరోమీటర్ పరీక్ష చేయమని అడగండి.